వెర్నియర్ మావయ్య చేసిన ఒకే ఒక్క పొరపాటు

వెర్నియర్ మావయ్య లెక్కలో లోకంలోని వస్తువులన్నీ రెండే రకాలు. కొలిచినవి, ఇంకా కొలవాల్సినవి.

నలుగురూ చొక్కా జేబులో పెన్ను పెట్టుకుంటారు. ఆయన వెర్నియర్ కాలిపర్స్ పెట్టుకుంటాడు. దాని ఇనుప దవడలు జేబులోంచి పిట్ట ముక్కులా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఎదురైన వస్తువు గుండ్రంగా కనబడితే చాలు, ఆ ముక్కు తెరుచుకుంటుంది. తలుపు గడియ, గొడుగు కామ, గరిటె కాడ, గుమ్మంలో నిలబడి కుశలమడుగుతున్న పెద్దమనిషి చేతికర్ర, దేనికీ మినహాయింపు లేదు. కొలిచి, పెదవులు కదిపి, ఏదో అంకె గొణుక్కుని, "సరిపోతుంది" అనో "సరిపోదు" అనో తీర్పు చెప్పేస్తాడు. దేనికి అని అడగక్కర్లేదు. ఆయన దృష్టిలో భూమ్మీద ఉన్న ప్రతి వస్తువూ ఏదో ఒక పాత సైకిల్ నుంచి ఊడిపడ్డ ముక్కే. దాన్ని మళ్ళీ దాని చోటుకి చేర్చడమే మానవజన్మకి పరమార్థం.

గొట్టాల ఫ్యాక్టరీలో ఆయన ఉద్యోగం కూడా అదే, తయారైన గొట్టాలు కొలిచి చూడటం. రిటైరయ్యే రోజున తోటివాళ్ళు గోడగడియారం ఇవ్వబోతే, "గడియారం కొలిచేది కాలాన్ని. కాలంతో నాకేం పేచీ లేదు. ఆ వెర్నియర్ ఇప్పించండి చాలు" అన్నాడట. ఇచ్చారు. ఆయన ఉద్యోగాన్ని వదిలాడు గానీ ఉద్యోగం ఆయన్ని వదల్లేదు.

ఒకసారి దగ్గు పట్టుకుంటే అత్తయ్య బలవంతంగా డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. తోడు వెళ్ళిన మేనకోడలు ఆ రోజు ఎక్కడ తలదాచుకోవాలో తెలీక గోడమీద ఉన్న ఊపిరితిత్తుల బొమ్మను కంఠతా వచ్చేదాకా చూసింది. డాక్టరు ఆయన ఛాతీ మీద గొట్టం ఆనించి, "గట్టిగా ఊపిరి పీల్చండి" అన్నాడు.

"ఒక్క నిమిషం, కదలకండి" అన్నాడు మావయ్య.

"కదలకూడనిది మీరండీ. ఏం చేస్తున్నారు?"

"ఈ రబ్బరు గొట్టం లావెంతో చూస్తున్నా. పాతబడ్డాక పారేస్తారా దీన్ని?"

"ఎందుకు?"

"బ్రేకు తీగకి తొడుగు వెతుకుతున్నాను. ఇది సరిపోతుంది. పారేసేటప్పుడు ఒక్క కబురు చెయ్యండి."

అత్తయ్య కొంగుతో ముఖం తుడుచుకుని, "దగ్గుకి మందు రాయండి బాబూ. ఈ రెండోదానికి మందు లేదని నాకు తెలుసు" అంది.

మేనకోడలు చిన్నప్పుడే చదువు కోసం వచ్చి ఆ ఇంట్లోనే ఉండిపోయిన పిల్ల. చదువు పూర్తయింది, పుస్తకాల పిచ్చి పూర్తి కాలేదు. నలుగురిలో నోరు విప్పాలంటే సిగ్గు. ఎవరైనా పేరు అడిగితే, ఆ ప్రశ్న పక్కవాళ్ళకేమోనని వెనక్కి తిరిగి చూసే రకం. అలాంటి పిల్లకి ఈ మావయ్యతో బజారుకి వెళ్ళడమంటే పెద్ద పరీక్ష. అయినా వెళ్ళేది. ఎందుకంటే ఇంత కొలిచే మనిషీ ఎవర్నీ తక్కువగా చూసినట్టు ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు.

ఇంటి వెనక రేకుల షెడ్డే ఆయన రాజ్యం. జనం వదిలించుకున్న పాత సైకిళ్ళన్నీ అక్కడికి చేరతాయి. హ్యాండిల్ లేనివి, చక్రం లేనివి, తమది ఏ కాలమో తామే మరిచిపోయినవి. కొత్త భాగం కొనడం ఆయన మతానికి విరుద్ధం. ఒకదాని చక్రం ఇంకోదానికి, ఇంకోదాని ఇరుసు మరోదానికి, కొలిచి కొలిచి కుదురుస్తాడు. కుదరకపోతే నెలల తరబడి ఆగుతాడు తప్ప బలవంతం చెయ్యడు.

"ప్రతి నట్టుకీ సరిపడే బోల్టు ఎక్కడో ఒకచోట ఉంటుంది. తొందరపడి సుత్తి తియ్యకూడదు" అన్నది ఆయన రోజూ చదివే మంత్రం.

ఆ సుత్తి మాట వీధి మలుపులోని సైకిల్ షాపాయన్ని ఉద్దేశించి. అక్కడ కొత్త సైకిళ్ళు అమ్ముతారు, పాతవాటిని సుత్తితో బాగుచేస్తారు. ఏది ఎక్కకపోయినా షాపాయన రెండు దెబ్బలు వేసి ఎక్కిస్తాడు. మావయ్యని చూస్తే ఆయనకి నవ్వు, ఆయన్ని చూస్తే మావయ్యకి పంటినొప్పి.

"వెర్నియర్ గారూ, మొన్నటి సైకిల్ ఇంకా తేలలేదా?" అంటాడు షాపాయన.

"సీటు గొట్టం వెంట్రుకవాసి వదులుగా ఉంది. చూస్తున్నా."

"వెంట్రుకవాసికి ఎవరైనా ఇన్నాళ్ళు ఆగుతారా? నాకిస్తే టీ చల్లారేలోపు దిగ్గొట్టేస్తాను."

"దిగ్గొడతావు, నాకు తెలుసు. మళ్ళీ తియ్యడానికి గునపం కావాలి."

ఆ వెంట్రుకవాసి ఖాళీ ఎలా పూడిందో తెలిసింది మాత్రం అత్తయ్య పౌడరు రాసుకోబోయినప్పుడు. డబ్బా ఉండాల్సిన చోట గ్లాసు ఉంది. గ్లాసు నిండా పౌడరు.

"ఏమండీ, నా పౌడరు డబ్బా ఏది?"

"పౌడరు అక్కడే ఉందిగా."

"డబ్బా ఏదని అడుగుతున్నాను."

"దాని రేకు మందం చూశావా ఎప్పుడైనా? అంత సమమైన రేకు ఈ రోజుల్లో దొరకదు. సీటు గొట్టానికి చుట్టాను. ఇక వందేళ్ళు కదలదు."

"నేను పౌడరు గ్లాసులో ముంచుకుని పూసుకోవాలి, మీ సీటు మాత్రం వందేళ్ళు కదలకూడదు. అంతేనా?"

"సువాసన కూడా వస్తోందే ఆ సీటు" అన్నాడాయన, అది ఆమెకి ఊరట కలిగించే విషయమన్నట్టు.

అత్తయ్య వీధి వీధంతటికీ బట్టలు కుడుతుంది. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. అదొక్కటే ఆయనకి నచ్చని కొలబద్ద. "టేపు సాగుతుంది. సాగేదాన్ని నమ్మి కొలవడమంటే అబద్ధాలకోరుని సాక్ష్యం అడగడమే" అంటాడు. "సాగేదాంతో కుట్టిన చొక్కాలే తొడుక్కుని తిరుగుతున్నారు కదా ఇన్నేళ్ళూ" అంటుంది ఆవిడ, మిషను తొక్కుతూనే.

ఇక మేనకోడలి సంగతి. ఆమెకి చిన్నప్పుడు మేడమెట్ల మీంచి పడి ఎడమ కాలు విరిగింది. అతికింది కానీ, రెండో కాలికన్నా కాస్త పొట్టిగా అతికింది. బడిలో ఎవరో నడక అనుకరించి నవ్వితే ఇంటికొచ్చి ఏడ్చి, "నా కాలి గురించి ఇంకెవరూ మాట్లాడకండి" అని తలుపేసుకుంది. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. పెద్దయ్యేసరికి నడకని సర్దుకుంది. పుస్తకాల సంచి ఎప్పుడూ ఒకే భుజాన వేసుకుని, ఒరుగుడంతా ఆ బరువు మీదకి నెట్టేసింది. ఇంట్లో అందరూ ఆ మాటే మరిచిపోయారని ఆమె నమ్మకం.

సర్దుకోనిది సైకిల్ ఒక్కటే. ఎక్కితే ఎడమ పెడల్ కిందికి వెళ్ళేసరికి పాదానికి అందదు. అందుకోవాలంటే నడుము ఒక పక్కకి జారాలి. వీధి చివరకి వెళ్ళేలోపు తుంటి సలుపుతుంది. అందుకని, ఇల్లంతా సైకిళ్ళే ఉన్న ఆ ఇంట్లో, "నాకు సైకిళ్ళంటే ఇష్టం లేదు" అని చెప్పేసింది. పాలవాడి ఇంట్లో కూర్చుని పాలంటే పడదన్నట్టు ఉండేది ఆ మాట. మావయ్య ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. అంతకన్నా వింత, వీధిలో కుక్కపిల్ల తోకతో సహా అన్నిటినీ కొలిచిన మనిషి ఆమె మీదికి మాత్రం ఎప్పుడూ వెర్నియర్ తియ్యలేదు. గాజు కూడా కొలవలేదు. ఆమెకి అది ఒకోసారి హాయిగానూ, ఒకోసారి కాస్త వెలితిగానూ ఉండేది.

షెడ్డులో గోడవారగా ఒక ఎత్తు స్టూలు ఉంది. సాయంత్రాలు ఆమె దానిమీద కూర్చుని, కాళ్ళు వేలాడేసి ఊపుకుంటూ చదువుకునేది. మావయ్య చువ్వలు బిగించుకుంటూ ఉండేవాడు. గంటల తరబడి ఇద్దరి మధ్యా మాటుండదు. అత్తయ్య వచ్చి చూసి, "ఒకరు ఇనుములో, ఒకరు కాగితంలో. ఈ ఇంట్లో మనుషులతో మాట్లాడేది నేనొక్కదాన్నే" అని వెళ్ళేది.

ఆ ఏడు ఇంటికి సున్నం వేయించినప్పుడు ఆ షెడ్డు దగ్గరే పేచీ వచ్చింది.

"మూడు గోడలకీ వెయ్యండి. స్టూలు వెనక గోడ జోలికి మాత్రం రావద్దు" అన్నాడు మావయ్య.

"అసలు వెయ్యాల్సింది దానికే. పిల్ల మడమల మురికంతా దానికే అంటుకుంది. చూడండి, రెండు మరకలు" అన్నాడు సున్నం వేసే మనిషి.

"ఉండనీ. ఆ గోడ చెమ్మగోడ. సున్నం ఆరదు."

"ఎండ పడేది ఆ గోడ మీదేనండీ."

"అదే మరి. ఎండకి పగిలిపోతుంది."

చెమ్మకి ఆరని, ఎండకి పగిలే ఆ గోడని అలాగే వదిలేసి, సున్నం వేసే మనిషి తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఇదంతా ఇలా సాగుతుండగా మేనకోడలు జీవితంలో మొదటిసారి ఒక ఉద్యోగాన్ని గట్టిగా కోరుకుంది. గ్రంథాలయం వాళ్ళు కొత్తగా ఇళ్ళకి పుస్తకాలు పంపాలనుకున్నారు. మంచం దిగలేనివాళ్ళు, మెట్లు దిగలేనివాళ్ళు, చంటిపిల్లల్ని వదిలి రాలేనివాళ్ళు, అందరికీ గుమ్మంలోకే పుస్తకం. ఎవరికి ఏది నచ్చుతుందో కనుక్కుని, పట్టుకెళ్ళి, కాసేపు కూర్చుని, పాతది తీసుకుని రావాలి. ఆ పని తన కోసమే ఎవరో కనిపెట్టారనిపించింది ఆమెకి. గ్రంథాలయాధికారిణి కూడా ఆమెతో మాట్లాడి సంతోషపడింది. చివర్లో కళ్ళద్దాలు సర్దుకుని ఒక్క మాట అడిగింది.

"సైకిల్ వచ్చుగా అమ్మా? పుస్తకాల పెట్టె వెనక కట్టుకుని ఆ ఎత్తు వీధులన్నీ తిరగాలి. సోమవారం నీ సైకిలేసుకుని రా, ఒక చుట్టు వేసి చూద్దాం. తొక్కలేనంటే చెప్పెయ్, వెనక ఇంకా మనుషులున్నారు."

"వచ్చండీ" అంది ఆమె. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని వెనక్కి తిరిగి చూసుకుంది.

అన్నాల దగ్గర విషయం చెప్పింది. మావయ్య మంచినీళ్ళ గ్లాసు అంచు కొలుస్తున్నవాడల్లా ఆగాడు.

"సైకిలు ఉద్యోగమా?" అంది అత్తయ్య. "నీకు సైకిళ్ళంటే పడదుగా."

"పుస్తకాలంటే పడుతుందిగా అత్తయ్యా."

మావయ్య వెర్నియర్ దవడలు మూసేశాడు. గ్లాసు పక్కన పెట్టి, అన్నంలో మజ్జిగ బదులు నీళ్ళు పోసుకుని తినేశాడు. అది కూడా గమనించలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె షెడ్డులోంచి అన్నిట్లోకీ బాగున్న సైకిల్ని బయటికి తీసింది. వీధి చివరిదాకా వెళ్ళింది. ఎడమ పాదం కిందికి దిగిన ప్రతిసారీ పెడల్ దొరకని మెట్టులా జారిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు దిగి, నడిపించుకుంటూ వచ్చింది. గేటు దగ్గర మావయ్య గేటు కీలు కొలుస్తున్నాడు. ఆ కీలు కొలత ఆయనకి నిద్రలో లేపి అడిగినా తెలుసు.

"చైను బిగువుగా ఉందా అమ్మడూ?"

"ఉంది మావయ్యా. కొంచెం బిగువుగానే ఉంది."

"అనుకున్నా. పాత చైన్లకి అదే రోగం" అన్నాడాయన, కీలు మీంచి చూపు తిప్పకుండా.

సోమవారం వెళ్ళి, తనకి కుదరదని చెప్పేసి రావాలని ఆమె అప్పుడే నిశ్చయించుకుంది.

ఆ సాయంత్రమే మావయ్య పాత సామాన్ల బజారుకి బయల్దేరాడు. "సంచి పట్టుకోవడానికి మనిషి కావాలి" అని ఆమెనీ లాక్కెళ్ళాడు. ఆ బజారులో ఇనుప సామాన్ల ముసలమ్మ ఆయనకి పాత నేస్తం. నేలమీద పట్టా పరిచి, దానిమీద తుప్పుని రాశులు పోసుకుని కూర్చుంటుంది. పక్కనే అట్టలూడిన పుస్తకాల గుట్ట. మేనకోడలు అందులో తల దూర్చేసింది.

"వచ్చావా నాయనా. మళ్ళీ అదేనా?" అంది ముసలమ్మ.

"అదే పెద్దమ్మా. దొరికిందా?"

"జత అడిగితే ఎప్పుడో ఇచ్చేదాన్ని. నువ్వు ఒంటిది అడుగుతావు. చెప్పుల కొట్టుకెళ్ళి ఒక్క కాలి చెప్పు ఇమ్మన్నట్టుంది నీ బేరం."

"రెండోది నా దగ్గర ఉంది పెద్దమ్మా."

"నీ దగ్గర లేనిదేంటో చెప్పు ముందు. ఆ గోనెలో చూసుకో, పిల్లల సైకిళ్ళు విప్పిన సామాను వచ్చింది ఇవాళే."

మావయ్య గోనెలో మోచేతుల దాకా దిగాడు. ఒక ఇనప ముక్క బయటికి తీసి, తుప్పు గీకి, కొలిచాడు. పెదవులు కదిలాయి. జేబులోంచి ఒక చిన్న మేకులాంటి పిన్ను తీసి దాని రంధ్రంలో పెట్టాడు. తాళంలో తాళంచెవిలా కూర్చుంది. ఆయన ముఖం చూసి ముసలమ్మే నవ్వేసింది.

"నీ పెళ్ళి నాడు కూడా ఇంత వెలిగి ఉండదు నీ మొహం."

"ఆ రోజు కొలిచేందుకు ఏమీ దొరకలేదు పెద్దమ్మా."

మేనకోడలు తలెత్తి, "ఏం దొరికింది మావయ్యా?" అంది.

"సరిపోయేది" అని జేబులో వేసుకున్నాడు.

ఆ తర్వాత షెడ్డులోంచి చప్పుడు ఆగలేదు. పాలవాడు పారేసిన సైకిల్ చట్రం, ఎవరిదో ముందు చక్రం, మరెవరిదో వెనక చక్రం. పాత కుర్చీ వీపు కాస్తా పుస్తకాల పెట్టె పెట్టుకునే వెనక క్యారియర్ అయింది. తోలు సీటుకి ఆముదం రాసి రాసి మెత్తబరిచాడు. చట్రానికి ఆకుపచ్చ రంగు వేసి, దానిమీద సన్నటి పసుపు గీత ఊపిరి బిగబట్టి గీశాడు. అత్తయ్య సూదుల డబ్బా మూత కనిపించకుండా పోయింది. ఇల్లంతా వెతుకుతున్న అత్తయ్యకి షెడ్డులోంచి కమ్మగా ఒక గంట వినిపించింది. ఆవిడ ఇక వెతకడం మానేసింది.

ఆదివారం నాడు సైకిల్ని గుమ్మం ముందు స్టాండు వేసి నిలబెట్టాడు. వీధి వీధంతా చూడటానికి వచ్చింది. షాపాయన కూడా వచ్చాడు. మెచ్చుకోవాలా వద్దా అని తేల్చుకోలేక, చేతికి పని కోసం పెడల్ పట్టుకుని తిప్పాడు. ఆగాడు. మళ్ళీ తిప్పాడు. వంగి చూశాడు. ముఖం విప్పారింది.

"వెర్నియర్ గారూ, ఒకసారి ఇలా రండి."

"చెప్పు."

"పెడల్‌ని పట్టుకునే ఈ ఇనప చెయ్యి, ఈ క్రాంకు. కుడిదాన్నీ ఎడమదాన్నీ చూడండి. ఎడమది పొట్టిగా లేదూ?"

అందరూ వంగారు. పొట్టిగానే ఉంది. కొలవక్కర్లేదు, కంటికే తెలుస్తోంది. షాపాయన నడుం మీద చేతులు పెట్టుకుని మనసారా నవ్వాడు.

"ఎన్నేళ్ళ నుంచి ఎదురు చూస్తున్నానండీ ఈ రోజు కోసం. వెంట్రుకవాసికి నెలలు ఆగే మనిషి, ఒకవైపు పెద్దవాళ్ళది, ఒకవైపు పిల్లలది బిగించేశాడు. నేను సుత్తితో కొట్టినా రెండు కాళ్ళూ సమానంగా పెడతానండీ."

ఆ చివరి మాట మేనకోడలికి ఎక్కడో గుచ్చుకుంది. ఆమె సంచిని భుజానికి దగ్గరగా లాక్కుంది.

గుమ్మంలోంచి అత్తయ్య దిగి వచ్చింది, మెడలో టేపుతోనే. "ఆయన ఏమైనా చేస్తారు గానీ కొలత మాత్రం తప్పరు. మళ్ళీ చూడండి" అంది. అత్తయ్య ఆయన్ని నలుగురిలో వెనకేసుకు రావడం ఆ వీధి ఎరగదు.

"పొరపాటే" అన్నాడు మావయ్య.

వంగి చూస్తున్నవాళ్ళంతా తలలెత్తారు.

"చూపు ఆనడం లేదీమధ్య. పొట్టిది పెట్టేశాను. నిజమే" అన్నాడు. జేబులో వెర్నియర్ పిట్ట ముక్కు అలాగే ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

మేనకోడలు చూస్తున్నది దాన్నే. డాక్టరు గొట్టాన్ని వదలని మనిషి, రోజూ దాటే గేటు కీలుని వదలని మనిషి, తన కొలత తప్పిందని పదిమందిలో అంటుంటే మళ్ళీ ఒక్కసారి కొలిచి చూడలేదు. కొలవలేదంటే, ఆ కొలత ఆయనకి ముందే తెలుసు.

"మార్చెయ్యండి మరి" అన్నాడు షాపాయన, గెలిచినవాడి జాలితో.

"మారుస్తాను. జత దొరకాలిగా. ఎన్నాళ్ళు పడుతుందో." మావయ్య ఆమె వైపు తిరిగాడు గానీ ముఖంలోకి చూడలేదు. సీటు మీద లేని దుమ్ము తుడిచాడు. "అమ్మడూ, నీకెలాగూ సైకిళ్ళంటే ఇష్టం లేదు. ఇష్టం లేనివాళ్ళకి మంచిదైనా పొరపాటుదైనా ఒకటేగా. తుప్పు పట్టకుండా అప్పుడప్పుడూ ఒక చుట్టు తిప్పుతావేంటి?"

ఆమె సంచి తీసి అత్తయ్య చేతికిచ్చింది. సైకిల్ ఎక్కింది.

మొదటి చుట్టుకి కుడి పాదం కిందికి వెళ్ళింది. తర్వాత ఎడమది. ఆమె అలవాటు కొద్దీ నడుము జార్చబోయింది. అక్కర్లేకపోయింది. పెడల్ పాదం కిందే ఉంది. మళ్ళీ తొక్కింది. మళ్ళీ అక్కడే ఉంది. ఎవరో కింద నిలబడి అరచేత్తో పాదాన్ని పట్టుకున్నట్టు. వీధి చివర వచ్చేసింది. ఆమె ఆగలేదు. మలుపు తిరిగి, పై వీధి ఎత్తు ఎక్కి, అటునుంచి దిగుతూ సూదుల డబ్బా మూతని అవసరం లేకపోయినా మోగించింది.

తిరిగి వచ్చేసరికి అందరూ అక్కడే నిలబడి ఉన్నారు.

"చైను?" అన్నాడు మావయ్య.

"బిగువుగా లేదు మావయ్యా. అస్సలు లేదు."

"ఆ" అన్నాడాయన.

షాపాయనకి ఏమీ అర్థం కాలేదు. "ఉండమ్మా, ఇలా ఇయ్యి" అని తానెక్కాడు. గుమ్మం ముందునుంచి కరెంటు స్తంభం దాకా తడినేల మీద బాతులా ఊగుతూ వెళ్ళి, స్తంభాన్ని కౌగిలించుకుని దిగాడు.

"ఇదెలా తొక్కావు తల్లీ నువ్వు?"

పదిమందీ ఆమె వైపు చూశారు. మామూలుగా అయితే ఆమె వెనక్కి తిరిగి చూడాలి. చూడలేదు.

"నా ఎడమ కాలు కాస్త పొట్టి అండీ. చిన్నప్పుడు విరిగింది. అందుకని ఈ సైకిల్ నాకు సరిపోతుంది" అంది.

ఇన్నేళ్ళుగా దాచుకున్న మాట అలా గుమ్మం ముందు తేలిగ్గా పడిపోయింది. ఆకాశమేమీ విరిగిపడలేదు. పాలవాడు, "ఆ చట్రం నాదే" అని ఎవరూ అడక్కుండానే పక్కవాళ్ళకి చెప్పుకున్నాడు.

షాపాయన మావయ్యని చూశాడు, క్రాంకుని చూశాడు, మళ్ళీ మావయ్యని చూశాడు. గొంతు సవరించుకుని, "బ్రేకు రబ్బర్లు అరిగినట్టున్నాయి. కొట్లో కొత్తవున్నాయి, పంపిస్తాను" అన్నాడు.

"ముందు కొలవాలి" అన్నాడు మావయ్య.

సాయంత్రం ఆమె షెడ్డులోకి వెళ్ళింది. మావయ్య లేడు. స్టూలు పక్కకి జరిపి, సున్నం వెయ్యని గోడ ముందు కూర్చుంది. రెండు మడమ మరకలు. ఆమె వాటిని ఎప్పుడూ చూడలేదు, వాటికి వీపు పెట్టి చదువుకుందంతే. ఎడమ మరక కుడి మరకకన్నా కాస్త పైన ఉంది. ఒక్కోదాని అంచునా పెన్సిలుతో సన్నటి అడ్డగీత. రెండు గీతల మధ్యా, వెర్నియర్ దవడలు ఆనిన చోట, గోడ కొద్దిగా గీరుకుపోయి ఉంది. ఒకసారి కాదు, చాలాసార్లు కొలిచిన గీరు. ఆమెని ఒక్క మాట అడక్కుండా, ఒక్కసారి నిలబెట్టకుండా, ఆమె చదువుకుని లేచి వెళ్ళిన తర్వాత.

సోమవారం గ్రంథాలయాధికారిణి మెట్ల మీద నిలబడి చూసింది. ఆకుపచ్చ సైకిల్ పెట్టెతో సహా ఎత్తు ఎక్కి, చుట్టు తిరిగి, గంట కొట్టుకుంటూ వచ్చి ఆగింది.

"బాగుందమ్మా సైకిలు. ఎక్కడ కొన్నావు?"

"కొనలేదండీ. కుట్టించుకున్నాను" అంది ఆమె. అధికారిణికి అది అర్థం కాలేదు గానీ, ఉద్యోగం మాత్రం ఇచ్చేసింది.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ మావయ్య ఉన్న ఇంట్లో ఏదీ ఒక్క కొలతతో అయిపోదు.

ఆ వారంలోనే ఒక పూట ఆయన దండెం మీద ఆరేసిన బట్టల పక్కగా నడుస్తూ ఆగాడు. మేనకోడలి ప్యాంటు నడుం పట్టీ దగ్గర క్లిప్పులతో వేలాడుతోంది. పిట్ట ముక్కు తెరుచుకుంది. ఒక దవడ ఒక కాలి అంచు దగ్గర, రెండో దవడ రెండో కాలి అంచు దగ్గర పెట్టి చూశాడు. పక్కన ఇంకో ప్యాంటు. దాన్నీ చూశాడు. తర్వాత షెడ్డులోకి వెళ్ళి గోడని మళ్ళీ ఒకసారి కొలిచి, వరండాలో మిషను తొక్కుతున్న అత్తయ్య ముందుకొచ్చి నిలబడ్డాడు. మేనకోడలు అక్కడే పుస్తకాల పెట్టె సర్దుకుంటోంది.

"ఈ పిల్ల ప్యాంట్లకి ఎడమ కాలు పొట్టిగా కుడుతున్నావా?"

"ఇప్పుడా చూడటం?" అంది అత్తయ్య, మిషను ఆపకుండా.

"ఎప్పటి నుంచి?"

"అది ఈ ఇంటికొచ్చి మొదటి ప్యాంటు కుట్టించుకున్నప్పటి నుంచి. లేకపోతే ఆ అంచు నేలకి రాసుకుని చిరిగిపోదూ? మీ ఒక్కరికే కొలతలొచ్చనుకున్నారా?"

మేనకోడలు వంగి తన ప్యాంటు అంచులు చూసుకుంది. ఇన్నేళ్ళుగా ఏదీ నేలకి రాసుకోలేదు. ఎందుకు రాసుకోలేదో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇల్లంతా మరిచిపోయిందనుకుంది తను. ఇల్లంతా కొలుస్తూనే ఉంది.

మావయ్య బాధ మాత్రం వేరు.

"గోడ మీద ఎంత తేడా ఉందో నీ కుట్టులోనూ అంతే ఉంది. వెంట్రుకవాసి కూడా తప్పలేదు. దేంతో కొలిచావు?"

"దీంతోనే" అంది అత్తయ్య మెడలో టేపు చూపించి.

"టేపుతోనా? టేపు సాగుతుంది కదా."

"సాగితే సాగనివ్వండి. నేను చూసుకుంటాగా."

అత్తయ్య టీ పెట్టడానికి లేచి, టేపు తీసి మిషను మీద వేసి వెళ్ళింది. ఆయన అటూ ఇటూ చూసి, మేనకోడలికి ఎవరితోనూ అనకు అన్నట్టు సైగ చేసి, ఆ టేపుని సాగదీయకుండా బల్ల మీద పరిచి, వెర్నియర్‌తో అంగుళం అంగుళం కొలిచాడు.

సరిగ్గానే ఉంది.

ఆ తీర్పు మాత్రం ఆయన ఇప్పటిదాకా అత్తయ్యకి చెప్పలేదు.